పిల్లల చేతిలో ఏ నవల? హైదరాబాద్ క్రైస్తవ ఇళ్లలో తేలని లెక్క

సినిమాకు సెన్సార్ బోర్డు ఉంది. 2021 ఐటీ నిబంధనలు వచ్చాక ఓటీటీలో ప్రతి సిరీస్ మొదట్లో యు/ఏ 13+ అనో, 16+ అనో వేయాల్సిందే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక థియేటర్ సినిమాలకూ ఇలాంటి వయసు విభజన వచ్చింది. నవలకు మాత్రం ఏ ముద్రా లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎనిమిదేళ్ల పిల్లల బొమ్మల కథ, పెద్దల శృంగార నవల ఒకే కుప్పలో, ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతాయి. బుక్ ఫెయిర్‌లోనూ అంతే: ‘టీనేజ్’ అని బోర్డు పెట్టిన బల్ల మీద ఏముండాలన్నది స్టాల్ వాళ్ల ఇష్టం. ఆ వడపోత పనంతా అమ్మానాన్నల మీదే పడింది.

క్రైస్తవ ఇళ్లలో ఎక్కువమంది ముందు వెతికేది మంత్రాన్ని. అట్ట మీద మంత్రదండమో, దయ్యమో, డ్రాగనో ఉంటే వద్దంటారు, లేకపోతే సరే అంటారు. ఈ జల్లెడకు కన్నాలు ఉండాల్సిన చోట లేవు. ఏ హానీ లేని పుస్తకాలు కొన్ని అందులో ఆగిపోతాయి, పిల్లల మనసును నిజంగా వంచేవి కొన్ని సులువుగా జారిపోతాయి. అందుకని మంత్రం సంగతే ముందు తేల్చుకోవాలి.

వాక్యం దేన్ని వద్దంటోంది

ఈ చర్చ వస్తే అందరూ ముందు తెరిచేది బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం. శకునం చెప్పే సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, కర్ణపిశాచిని అడిగేవాడు, దయ్యాల దగ్గర విచారణ చేసేవాడు మీ మధ్య ఉండకూడదని అక్కడ ఆజ్ఞ. వీళ్లంతా ఆ పని చేసే మనుషులు. దేవుణ్ని విడిచి వేరే శక్తి దగ్గర జ్ఞానమో బలమో అడుక్కోవడాన్ని ఆ ఆజ్ఞ నిషేధిస్తోంది. ఇశ్రాయేలు రాజు సౌలు ఏన్దోరులో కర్ణపిశాచి గల స్త్రీ దగ్గరికి వెళ్లి చేసింది ఆ తప్పే. కథలో మాంత్రికుడు కనిపించడమే దోషమైతే సౌలు కథనే పిల్లలకు చదివి వినిపించలేం.

నవలల్లో మంత్రం మూడు రకాలుగా వస్తుంది. మొదటిది ఊహాలోకపు నియమం. ఆ లోకంలో కొందరికి పుట్టుకతోనే ఒక శక్తి ఉంటుంది, దండం ఊపి ఒక మాట అంటే వస్తువు గాల్లోకి లేస్తుంది. ఏ ఆత్మనూ పిలవరు, ఎవరికీ మొక్కరు. పిల్లాడు చీపురుపుల్ల ఊపుతూ ఆ మాట వందసార్లు అన్నా ఏమీ జరగదు, అది వాడికీ తెలుసు. రెండోది ఆవాహన: కొవ్వొత్తులు, రక్తం, అక్షరాల పలక, చనిపోయినవాళ్లను పిలవడం. మూడోది జోస్యం: టారో కార్డులు, చేతిరేఖలు, గ్రహాలు. రెండోదీ మూడోదీ పిల్లలు ఇంట్లో నిజంగా చేసి చూడగలిగినవి. 2015లో రెండు పెన్సిళ్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి ‘చార్లీ’ అనే దయ్యాన్ని ప్రశ్నలడిగే ఆట సోషల్ మీడియాలో వైరల్ అయి ఎన్నో దేశాల బడుల్లోకి పాకింది. దానికి ఏ నవలా అక్కర్లేకపోయింది. ఇవాళ టారో కూడా రీల్స్‌లోనే ఎదురవుతోంది. మంత్రం గురించిన జాగ్రత్తలో ఎక్కువ భాగం ఖర్చు పెట్టాల్సింది ఈ రెండు రకాల మీదే.

హ్యారీ పోటర్‌ను ఈ మూడు రకాల పక్కన నిలబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మంత్రవిద్య నేర్పే బడిలో చదివే కుర్రాడి కథ, 1997లో మొదలై 2007లో ముగిసిన ఏడు పుస్తకాలవి. మంత్రాల్లో చాలామటుకు మొదటి రకమే. జోస్యం అందులో ఒక పాఠ్యాంశం. ఆ టీచరును పిల్లలు వెటకారం చేస్తుంటారు గానీ, కథ మొత్తాన్ని నడిపించే జోస్యం మాత్రం ఆమె నోటి నుంచి వచ్చిందే, అది నిజమవుతుంది కూడా. నాలుగో పుస్తకం చివర్లో శ్మశానం ఘట్టం ఉంది. తండ్రి ఎముక, సేవకుడి మాంసం, శత్రువు రక్తం కలిపి విలన్‌కు మళ్లీ దేహం తెప్పిస్తారు. ఒక విద్యార్థి అక్కడే చనిపోతాడు. అది పూర్తిగా రెండో రకం తంతు, చేసేవాళ్లు దుర్మార్గులని కథ దాచదు. ఏడో పుస్తకంలో రెండు సమాధి రాళ్ల మీద కొత్త నిబంధన మాటలే చెక్కి ఉంటాయి: ‘కడపట నశింపజేయబడు శత్రువు మరణము’ ఒకటి, ధనం ఉన్నచోటే హృదయం ఉంటుందన్న మాట రెండోది. కాబట్టి ‘హ్యారీ పోటర్ చదవొచ్చా’ అని అడిగితే ఎన్నో పుస్తకం, ఏ వయసుకు అని ఎదురు అడగాల్సిందే. ఇంగ్లండ్ ముద్రణలో మొదటిది 223 పేజీలు, నాలుగోది 636. హీరో మొదటి పుస్తకంలో పదకొండేళ్లవాడు, చివరిదానికి పదిహేడు. పుస్తకాలు అతనితో పాటే వయసు పెంచుకుంటూ పోయాయి. సెలవుల్లో ఏడూ ఒక్కసారిగా చదివే తొమ్మిదేళ్ల పిల్లకు ఆ వ్యవధి దొరకదు. ఏడాదికి ఒకటి అన్న నియమం పెట్టుకున్న ఇంట్లో ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

బాణామతి తెలిసిన నేల

ఈ పుస్తకాల మీద వాదన అమెరికా చర్చిల నుంచి మన దాకా వచ్చింది. అక్కడ వాళ్లకు మంత్రం చాలావరకు కథల మాట. మనకు అలా కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఉదంతాలు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. తాత చేతికి తాయెత్తు కట్టించుకున్నాడు, నాన్న దాన్ని తెంచి బాప్తిస్మం తీసుకున్నాడు. అలాంటి ఇంట్లో మంత్రదండం ఉన్న పుస్తకం టేబుల్ మీద కనబడితే గుండె ఝల్లుమనడం సహజం, దాన్ని వెనకబాటుతనం అనడం అన్యాయం. సికింద్రాబాద్‌లో మూడు తరాలుగా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ఉన్న ఇంకో ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచే చందమామ బేతాళ కథలు చదువుతూ పెరిగారు. శవంలోంచి మాట్లాడే బేతాళుడు వాళ్లకు పొడుపు ప్రశ్న వేసే పాత్ర, అంతకుమించి ఏమీ కాదు.

ఈ రెండు ఇళ్లూ బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం ప్రకారం తమ తమ మనస్సాక్షితో నడుచుకోవచ్చు. చిక్కు వచ్చేది రెండో ఇంటి పిల్ల సండే స్కూల్లో మొదటి ఇంటి పిల్లకు పుస్తకం అరువిచ్చినప్పుడు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి 1 కొరింథీయులు 8లో పౌలు చెప్పింది సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది: నీకున్న స్వాతంత్ర్యం బలహీనుడికి అడ్డం కాకూడదు. ‘ఎవరికైనా పుస్తకం ఇచ్చేముందు వాళ్ల అమ్మను అడుగు’ అన్న ఒక్క నియమం పిల్లలకు నేర్పితే సంఘంలో సగం గొడవలు పుట్టవు.

అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు విశ్వాసులు పుస్తకాలు కాల్చేశారు కదా, వాటి వెల యాభై వేల వెండి రూకలు కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే. అయితే వాటిని తెచ్చినవాళ్లు ‘మాంత్రిక విద్య అభ్యసించినవారు’, అవి ప్రయోగాలు చేసుకునే పుస్తకాలు. వాళ్లు కాల్చింది తమ పాత వృత్తిని. దానియేలు 1లో బబులోనుకు చెరగా తీసుకెళ్లిన నలుగురు యూదా యువకులకు కల్దీయుల విద్యను, భాషను నేర్పారు. నక్షత్రాలు చూసి జోస్యం చెప్పే జాతి విద్య అది. దానియేలు వద్దన్నది రాజు భోజనాన్ని, ద్రాక్షారసాన్ని. చదువును వద్దనలేదు, దేవుడే అందులో వాళ్లకు ప్రవీణత ఇచ్చాడని 17వ వచనం చెబుతుంది. టెన్త్ తెలుగు వాచకంలో పోతన పద్యం వచ్చిందని దిగులు పడే తల్లికి ఇంతకన్నా మంచి జవాబు లేదు. పద్యం బాగా నేర్చుకోనివ్వండి, ప్రతిపదార్థంతో సహా.

కథ దేన్ని ముద్దు చేస్తోంది

మంత్రం పక్కన పెట్టాక అసలు ప్రశ్న మిగులుతుంది. ఈ పుస్తకం మూసేసరికి పిల్లకు దేని మీద ఇష్టం కలుగుతుంది? ‘ఏ యోగ్యతయైనను మెప్పైనను ఉండినయెడల... వాటిమీద ధ్యానముంచుకొనుడి’ అన్న ఫిలిప్పీ 4:8 ఇక్కడ కొలబద్ద. ప్రవక్త నాతాను రాజు దావీదుకు చెప్పిన, ధనవంతుడు పేదవాడి ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న కథలో దొంగతనం ఉంది, క్రూరత్వం ఉంది. అది వింటున్న దావీదుకు మాత్రం అన్యాయం మీద మండింది. చెడు కనబడిందా అన్నది సగం ప్రశ్నే, కథ మనల్ని దాని పక్కన నిలబెట్టిందా, ఎదురుగా నిలబెట్టిందా అన్నది కూడా చూడాలి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల మధ్య తిరిగే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, మాంగాల్లో డెత్ నోట్ ఒకటి. తెలివైన కుర్రాడికి ఒక నోట్‌బుక్ దొరుకుతుంది, అందులో ఎవరి పేరు రాస్తే వాళ్లు చనిపోతారు. దాన్ని పడేసింది మృత్యుదేవత. మన ఇళ్లలో అభ్యంతరం ఆ దేవత బొమ్మ దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. అంతకన్నా లోతైన సంగతి ఆ కుర్రాడే. లోకంలో నేరస్థుల్ని తానే ఏరివేస్తానని మొదలుపెట్టి, తనే దేవుణ్నవుతానంటాడు. చివరికి నాశనమవుతాడు, నిజమే. కానీ పుస్తకం పొడుగునా వాడి తెలివికి చప్పట్లు కొట్టించాక చివరి అధ్యాయం ఒక్కటే ఆ రుచిని కడిగేయలేదు. పదహారు దాటినవాడితో ఈ విషయం మాట్లాడొచ్చు, పన్నెండేళ్లవాడికి చప్పట్లే మిగులుతాయి. ఇంగ్లిష్ మాంగాల వెనక అట్ట మీద చాలా ప్రచురణలకు చిన్న గుర్తు ఉంటుంది: టి అంటే 13 దాటాక, టి ప్లస్ అంటే 16 దాటాక, ఎం అంటే పెద్దలకు. అది చూసి కొనండి. ఫుట్‌పాత్ నకళ్లలో ఆ గుర్తు ముద్రణలో పోయి ఉండొచ్చు.

ఆడపిల్లల వైపు ఇంకో తరహా పుస్తకం తిరుగుతోంది. ఇట్ ఎండ్స్ విత్ అస్ అనే 2016 నవలకు పూల అట్ట, లేత రంగులు. అట్టలో అభ్యంతరం ఏమీ కనబడదు కాబట్టి ఇంట్లో ఎవరూ తెరిచి చూడరు. లోపల పెద్దల పడకగది ఘట్టాలున్నాయి, భార్యను కొట్టే భర్త ఉన్నాడు. రచయిత్రి ఉద్దేశం గంభీరమైనదే, హీరోయిన్ ఆ హింస నుంచి బయటికి వస్తుంది. పద్దెనిమిదేళ్ల కూతురితో తల్లి కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొచ్చే విషయం అది. పదమూడేళ్ల పిల్లకు మాత్రం ముందు గుర్తుండేది ఆ మనిషి అందం, అతను తిరిగి ప్రేమగా మాట్లాడిన తీరు. కొట్టడం కూడా ప్రేమలో భాగమేమో అన్న గందరగోళం మన సమాజంలో ఇప్పటికే చాలినంత ఉంది.

దేవతలున్న నవలలతో ఇంకో తిరకాసు. గ్రీకు దేవతల పిల్లల మీద 2005లో మొదలైన పెర్సీ జాక్సన్‌ను చాలా ఇళ్లలో నిశ్చింతగా కొనిస్తారు, ఆ దేవతలను ఇవాళ ఎవరూ పూజించరు కదా అని. మొదటి పుస్తకంలోనే గురువు పాత్ర ఒకటి, ఈ దేవతలు వేరు, అందరికీ పైనున్న దేవుడి ప్రశ్న వేరు, దాని జోలికి మనం పోవద్దు అన్నట్టు మాట్లాడి ముందుకు సాగుతుంది. ఆ పేజీ దగ్గర ఆగి ‘వీళ్లు ఎందుకు దాటేశారు?’ అని అడిగితే మంచి సంభాషణ అవుతుంది. మన పురాణాల మీద అల్లిన ఇంగ్లిష్ నవలలు కూడా ఇప్పుడు చాలా స్కూల్ లైబ్రరీల్లో ఉన్నాయి. అక్కడ పాత్రలు పక్కింటివాళ్లు ఇవాళ పూజించే దేవుళ్లు. చదవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, కానీ వద్దన్నప్పుడు కారణం చెప్పే మాట జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘అవన్నీ దయ్యాలు’ అని ఇంట్లో విన్న పిల్ల మర్నాడు అదే మాట క్లాసులో స్నేహితురాలితో అంటుంది. మనం ఆరాధించేది ఎవరినో స్పష్టంగా చెప్పడానికి ఎదుటివాళ్ల భక్తిని చులకన చేయనక్కర్లేదు. ఆషాఢంలో సికింద్రాబాద్ బోనాల మర్నాడు రంగం భవిష్యవాణి టీవీలో వస్తుంటే పిల్లలు అడిగే ప్రశ్నలకూ ఇదే పద్ధతి.

క్రైస్తవ పుస్తకమే కదా అనుకుంటే

పేరు చూసి నమ్మడం అటువైపు కూడా చెల్లదు. క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా ఏడు పుస్తకాలు 1950, 1956 మధ్య వచ్చాయి. సింహం రూపంలో క్రీస్తు బలి, పునరుత్థానం పిల్లల మనసుకు ఎంత దగ్గరగా వస్తాయో చదివిన ఇళ్లకు తెలుసు. చివరి పుస్తకంలో మాత్రం వేరే దేవుణ్ని జీవితాంతం నిజాయితీగా కొలిచిన ఒక సైనికుడిని సింహం తనవాడిగా చేర్చుకుంటుంది. రక్షణ గురించి మీ సంఘం బోధించేది దీనికి సరిపడుతుందా? పిల్ల అడగకముందే మీ జవాబు మీరు ఆలోచించి పెట్టుకోండి.

దీనికన్నా ఎక్కువ ఇబ్బంది వచ్చేది యుగాంతం నవలలతో. 1995లో మొదలైన లెఫ్ట్ బిహైండ్ వరుస విశ్వాసులు హఠాత్తుగా పరలోకానికి ఎత్తబడి, మిగిలినవాళ్లు శ్రమల కాలంలో పడ్డ పాట్లు చెబుతుంది. పిల్లల కోసం విడిగా ఒక వరుస కూడా ఉంది. ఎత్తబడుట మీద అన్ని సంఘాల బోధ ఒకటి కాదు. పెంతెకొస్తు ఇంట్లో అది ఆదివారం వినే మాట, కాథలిక్, సీఎస్ఐ ఇళ్లలో ఆ క్రమంలో బోధించరు. బోధ ఏదైనా, స్కూలు నుంచి వచ్చి తాళం వేసిన తలుపు చూసి ‘అందరూ ఎత్తబడ్డారు, నేను మిగిలిపోయాను’ అని వణికే పిల్లకు ఆ పుస్తకం విశ్వాసాన్ని పెంచలేదు. పదిలోపు వయసుకు ఇవ్వొద్దు. ‘క్రైస్తవ సాహిత్యం’ అన్న బోర్డు కింద దొరికినా ఇవ్వొద్దు.

చదవకుండా తేల్చడం కుదరదు, అన్నీ చదవడమూ కుదరదు

ఒక పుస్తకానికి 45 నిమిషాలు పెట్టండి. వెనక అట్ట, విషయసూచిక అయిదు నిమిషాలు. మొదటి అధ్యాయం పూర్తిగా చదవాలి: కథ ఎవరి పక్షాన ఉందో అక్కడే తెలుస్తుంది. చివరి రెండు అధ్యాయాలు కూడా పూర్తిగా. తర్వాత మధ్యలో మూడుచోట్ల తెరిచి నాలుగేసి పేజీలు. హీరో అబద్ధం చెబితే ఏమైంది, పెద్దవాళ్లందరూ మూర్ఖులా, ఒక్కరైనా నమ్మదగినవారున్నారా, శరీరం గురించి ఎలా రాశారు, చావు వచ్చినచోట ఆశ ఏమైనా ఉందా అని చూడండి. వరుస పుస్తకాలైతే మొదటిదే కాకుండా చివరిది కూడా తిరగేయాలి. మొదటిది చూసి అనుమతి ఇచ్చేసి ఊరుకోవడమే ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు. కిండిల్‌లో ఉచిత నమూనా పుస్తకం మొదట్లోంచే ఇస్తారు కాబట్టి దాన్నొక్కదాన్నే చూసి ముగింపును అంచనా కట్టకండి. కామన్ సెన్స్ మీడియా, ప్లగ్డ్ ఇన్ వెబ్‌సైట్లలో హింస, భాష, శృంగారం విడివిడిగా రాస్తారు. రెండోది అమెరికా క్రైస్తవ సంస్థది. తెలుగు పుస్తకాలు, మన దేశపు రచయితలు వాటిలో దాదాపు దొరకరు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలు, తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులు: ఈ నగరంలో వేల ఇళ్ల పరిస్థితి ఇది. ఆరువందల పేజీల ఇంగ్లిష్ నవలను తిరగేయడం ఆ తల్లికి సాధ్యం కాదు. ఆమె దగ్గర అంతకన్నా మంచి సాధనం ఉంది. రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు చదివిన అధ్యాయాన్ని తెలుగులో చెప్పమనాలి. పిల్ల గొంతులో ఏది ఉత్సాహంగా వస్తోందో, ఎక్కడ తడబడి దాటవేస్తోందో తల్లికి చెప్పక్కర్లేదు. దాటవేసిన చోట పేజీ నంబర్ అడిగి, ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెడితే ఆ పేజీ తెలుగులో కనిపిస్తుంది. అనువాదం ముక్కలు ముక్కలుగా ఉన్నా విషయం అర్థమవుతుంది. సంఘంలో డిగ్రీ చదివే యువతీ యువకులను నెలకో పుస్తకం చదివి నాలుగు మాటలు రాసిపెట్టమంటే సంతోషంగా చేస్తారు.

ఫోన్ దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. వాట్‌ప్యాడ్, ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఎవరైనా రాయొచ్చు. పిల్లలు ఇష్టపడే నవలల పాత్రలతో అభిమానులు రాసే కథల్లో కొన్ని పూర్తిగా పెద్దలవి. అమ్మకు వినబడేది తెలిసిన పాత్ర పేరే కాబట్టి అడ్డు చెప్పదు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే సైట్‌లో కథలకు స్థాయిలు ఉంటాయి. అందులో ‘నాట్ రేటెడ్’ అంటే రచయిత ఏమీ చెప్పలేదని అర్థం, లోపల ఏదైనా ఉండొచ్చు.

నిర్ణయం అవును, కాదు అని రెండే ముక్కల్లో ఉండనక్కర్లేదు. ఇప్పుడే చదువుకో, మనం కలిసి చదువుదాం, రెండేళ్ల తర్వాత, మన ఇంట్లో వద్దు: ఈ నాలుగింట్లో ఒకటి చెప్పి, వెంటనే కారణం కూడా చెప్పాలి. ‘రెండేళ్ల తర్వాత’ అన్నప్పుడు తేదీ రాసిపెట్టి మాట నిలబెట్టుకోవాలి, లేదంటే మీ తర్వాతి మాటకు విలువ ఉండదు. నాన్న సరేనని అమ్మ వద్దంటే పిల్లల ముందు వాదించుకోకుండా, తేలేదాకా పుస్తకాన్ని పైఅరలో పెట్టండి. చిన్నవాళ్లున్న ఇంట్లో అక్క పుస్తకాలకు తాళం వేసే అర ఒకటి ఉండాలి. రాత్రి బాత్రూమ్‌కు తోడు అడగడం, లైటు ఆర్పనివ్వకపోవడం, స్కూలుకు వెళ్లేముందు కడుపునొప్పి కొత్తగా మొదలైతే ఈ మధ్య ఏం చదివారో కనుక్కోండి.

వద్దన్న పుస్తకం స్కూల్ బ్యాగులో దొరికితే? లాక్కుని చించేయడం అందరికీ ముందు తోచే పని. ‘మీ పిల్లలకు కోపము రేపక’ అని ఎఫెసీయులకు రాసిన పత్రికలో తండ్రులకు చెప్పింది ఇలాంటి సందర్భానికే వర్తిస్తుంది. ముందు, ఎంతవరకు చదివావని అడగండి. సగం అయిపోయి ఉంటే ఆ సగం ఇప్పటికే లోపలికి వెళ్లింది, దాని గురించి మాట్లాడాల్సిందే. పుస్తకం స్నేహితురాలిదైతే చించే హక్కు మనకు లేదు, మర్నాడు తిరిగి ఇప్పించాలి. దాచినందుకు శిక్ష వేయదలిస్తే వేయండి, చదివినందుకు వేరే మాట ఉండాలి. ఈ రెండింటినీ కలిపేస్తే పిల్ల తర్వాతి పుస్తకాన్ని ఇంకా బాగా దాస్తుంది. ఏ ఘట్టం నచ్చింది, ఏది భయపెట్టింది, నువ్వే ఆ పాత్రవైతే ఏం చేసేదానివి అని మూడు ప్రశ్నలు వేసి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో బైబిల్ వాక్యం ఎత్తకండి. మీరు చెప్పాల్సింది ఆ తర్వాత చెప్పండి, అదే రోజు అన్నీ చెప్పేయనక్కర్లేదు.